కార్తె విత్తనమా, లెక్క విత్తనమా?

తొలకరి వాన పడినది మొదలు మన సంఘపు గిడ్డంగి వాకిట రైతులు గుమిగూడి అడుగు ప్రశ్న యొక్కటియే: "ఈ విత్తనము ఎన్ని దినముల పంట?" గుమాస్తా సంచి మీది చీటిని చదివి నూటపది యనియో, నూటయిరువది యనియో చెప్పును. రైతు తల యూచి సంచి నెత్తుకొని పోవును. ఈ ప్రశ్న మంచిదే. ఆ సమాధానమును అబద్ధము కాదు. కాని కొన్ని జాతుల విత్తనములకు ఆ సమాధానము చాలదు. చాలనిదానిని చాలునని నమ్ముటచేత మన నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములలో కొందరు రైతులు పదునును, పెట్టుబడిని, కాలమును పోగొట్టుకొనుచున్నారు. ఆ సంగతిని సభ్యులకు విన్నవించుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

ముందుగా మా తప్పును మేమే చెప్పుకొందుము. కొన్ని సంవత్సరముల క్రిందట ఆళ్లగడ్డ దాపుననున్న యొక గ్రామమున ఒక పెద్ద రైతు హింగారి జొన్న వేయుచుండెడివాడు. హస్త కార్తెలో గొర్రు కట్టి విత్తి, సంక్రాంతి వెళ్లిన పిమ్మట కోసికొనుట ఆయనకు వాడుక. గింజ తెల్లగా, గట్టిగా నుండెడిది. చొప్ప పశువులు ఇష్టముగ తినెడివి. ఒక యేడు మృగశిరలోనే మంచి వాన కురిసెను. ఆయన మాయొద్దకు వచ్చి, "ఈ జొన్ననే ఇప్పుడు వేసి, సెప్టెంబరు నెలాఖరుకు కోసి, ఆ చేనిలోనే పప్పుశనగ వేయవచ్చునా?" యని యడిగెను. ఆయన వాడుకగా విత్తు దినము మొదలు కోత దినము వరకు లెక్కవేసి చూచితిమి. సుమారు నూటపదునైదు దినములు వచ్చెను. "నిస్సంశయముగ వేయవచ్చు" నని చెప్పితిమి.

జొన్న మొలిచెను, పెరిగెను. శ్రావణమునకు మనిషిని మించెను; భాద్రపదమునకు ఎద్దుల బండిపై నిలిచినవానికిని అందకపోయెను. దారిని పోవువారు నిలిచి చూచి మెచ్చుకొనిరి. కాని కంకి జాడ లేదు. సెప్టెంబరు నెల గడచెను. చిత్త కార్తె నడుమ కంకులు తొంగి చూచునప్పటికి గాలివానకు సగము చేను నేలకొరిగెను. శనగ విత్తు కాలము దాటిపోయెను. నాలుగు నెలలు దంటు పెంచుటకే నేలలోని సత్తువయు పదునును వ్యయమైనందున గింజ పలుచబడెను. ఒక పంటకు రెండు పంటలు తీయబోయి ఆయన అర పంటతో మిగిలెను. మేము తల వంచుకొని పోగా, ఆయన మమ్ము నిందింపక చెప్పిన మాట యిది: "మా నాయన హస్త కార్తికి ముందర ఈ ఇత్తనం ముట్టుకోనిచ్చేవాడు కాదు సారూ. ఎందుకో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు."

ఆ "ఎందుకో" అను దానికి సమాధానమును మేము తరువాత వెదకి తెలిసికొంటిమి. అది ముందే తెలిసికొనవలసిన వారము మేమే గాని ఆయన కాదు.

పైరులలో కొన్ని, తాము భూమిలో పడిన దినమునుండి దినములు లెక్కించుకొని పూతకు వచ్చును. మరికొన్ని దినముల లెక్కను అంతగా పాటింపవు. పగటి నిడివిని గమనించి, తమకు తగిన నిడివి వచ్చువరకు వేచియుండి, పిమ్మటనే కంకి కట్టుటకు మొదలిడును. మన పంచాంగములలో దినప్రమాణమని వ్రాయబడునది యిదియే. నంద్యాలలో జూను 21వ తేదీ ప్రాంతమున పగలు సుమారు 13 గంటలు, అనగా ముప్పదిరెండున్నర ఘడియలు. సెప్టెంబరు 23 ప్రాంతమున సుమారు 12 గంటలు. డిసెంబరు 21 ప్రాంతమున పదకొండుంబావు, అనగా ఇరువదియెనిమిది ఘడియలు. ఎక్కువ తక్కువల నడుమ భేదము రెండు గంటలైనను లేదు. ఇంత స్వల్ప భేదమును మనము పనిపాటలలో గమనింపము. జొన్న మాత్రము గమనించును.

పూర్వపు హింగారి జొన్నలలో ననేకము పగలు కురుచబడి పన్నెండు గంటలకు చేరువైనప్పుడు గాని గర్భములో కంకిని ఏర్పరచుకొనవు. కంకి ఏర్పడిన పిదప అది బయటికి వచ్చుటకు మరియొక నెల పట్టును. కావున జూనులో విత్తినను, ఆగష్టులో విత్తినను కంకి బయటికి వచ్చు కాలము అక్టోబరు చుట్టుపట్లనే యుండును. జూనులో విత్తినది ఆ వేచియుండు కాలమంతయు దంటును, ఆకును పెంచుకొనును. హస్తలో విత్తిన దానికి కురుచ పగళ్లు సిద్ధముగనే యుండుటచే అది వేచియుండదు. కావలసినంత పెరిగి, నేలలో పదును తీరకమునుపే కంకి వేయును. మేము లెక్కించిన నూటపదునైదు దినములు హస్త కార్తెకు చెల్లునవే గాని విత్తనమునకు చెల్లునవి కావు. మా తప్పంతయు ఇందే యున్నది.

ఈ సంగతిని శాస్త్రరీత్యా మొదట స్పష్టపరచినవారు అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన గార్నరు, అల్లార్డు అను నిరువురు. వారికి దారి చూపినది యొక పొగాకు రకము. అది వేసవిలో పొలమునందు పూయక మిక్కిలి పొడవుగ పెరుగుచుండెను. దానినే చలికాలమున గాజుటింటిలో నుంచగా చిన్నమొక్కయై యున్నప్పుడే పూసెను. వేడి, తేమ, ఎరువు అన్నిటిని పరీక్షించి చూచి, కడపట వేసవిలోనే కొన్ని మొక్కలను ప్రతిదినము కొంత ప్రొద్దుండగనే చీకటి గదిలోనికి చేర్చిరి. చీకటి గదిలోనికి పోయినవి పూసెను, వెలుపల నున్నవి పూయలేదు. 1920లో వారు ఈ సంగతిని ప్రకటించిరి. 1938లో హామ్నరు, బానరు అనువారు మరియొక విశేషము చూపిరి: కురుచ పగటి మొక్క నిజముగ కొలుచునది పగటిని కాదు, ఎడతెగని రాత్రిని. నడిరేయి కొద్ది నిమిషములు దీపము చూపినను దానికి రాత్రి తెగినట్లే యగును. వీధి దీపము క్రింద పడిన చేని మూలలో పైరు పచ్చగా నిలిచి, తక్కిన చేను కంకి వేసినను అచ్చట వేయకుండుట కొందరు చూచియే యుందురు. దానిని దిష్టి యనియు, చీడ యనియు అనుకొననక్కరలేదు. ఆ మూలకు రాత్రి చాలలేదు, అంతియే.

ఒక్కొక్క జాతిలోనే యొక రకము పగటిని పాటించుటకును, మరియొకటి పాటింపకుండుటకును కారణము వంశములో సంక్రమించు జన్యువులు. జొన్నలో ఈ కాలమును నిర్ణయించు జన్యువులను 1945లో అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున క్విన్‌బీ, కార్పరు అనువారు వివరించిరి. అందు మొదటిదియు, ముఖ్యమైనదియు నగు జన్యువు ఏదో 2011లో గుర్తింపబడినది. ఆశ్చర్యమేమన, గోధుమలో ఇట్టి పనినే చేయు జన్యువును ఆ కుటుంబమునకు చెందినదే. జొన్న కురుచ పగటి పైరు. గోధుమ నిడుపు పగటి పైరు. ఒకటి పగలు తగ్గుటకును, ఒకటి పెరుగుటకును ఎదురుచూచును. అయినను ఆ రెంటిచేత ఎదురుచూపించు జన్యువులు అక్కచెల్లెండ్ర వంటివి.

గోధుమ మన నేలల పంట కాదుగదా యని సభ్యులు అనవచ్చును. నిజమే. కాని గోధుమ చరిత్ర మనకు పాఠము చెప్పును. చల్లని దేశములలోని పలు గోధుమలు వసంతమున పగళ్లు బాగుగ సాగువరకు వెన్ను తీయవు. పదునాలుగు గంటల పగటిని కోరు గోధుమను మన చేలలో చల్లినచో అట్టి పగలు దానికి ఎన్నటికిని కానరాదు. ఏలనన, మన యత్యధికమగు పగలే పదుమూడు గంటలు. మెక్సికో దేశమున నార్మన్ బోర్లాగు ఒకే సంవత్సరమున రెండు తావుల గోధుమను పండింపసాగెను: శీతకాలమున ఉత్తరమందలి సోనోరా పల్లపు నేలలలో, వేసవిలో దక్షిణమందలి టొలూకా మెట్ట ప్రాంతమున. త్వరగా తరములు తీయుటకే ఆయన ఈ పద్ధతి నారంభించెను. కాని రెండు తావుల పగటి నిడివి భిన్నమగుటచే, రెండు చోట్లను పండగలిగిన మొక్కలు మాత్రమే ఏరికలో నిలిచెను. ఆ విధముగా పగటిని పాటింపని గోధుమలు పుట్టినవి. 1966లో మన దేశము మెక్సికోనుండి 18,000 టన్నుల గోధుమ విత్తనమును తెప్పించుకొనెను. ఆ విత్తనము పంజాబు మొదలగు ప్రాంతములలో నాటుకొనుటకు దాని పొట్టితనము, ఎరువును తట్టుకొను శక్తి ఎంత కారణమో, పగటికి లొంగని యీ గుణమును అంత కారణము.

ఈ గుణమును మా సౌలభ్యమునకై ఇట్లు పేర్కొందుము. పగటి నిడివిని పాటించు దానిని కార్తె విత్తన మందుము. దినముల లెక్కను పాటించు దానిని లెక్క విత్తన మందుము. ఈ రెంటి నడుమ పలు మెట్లు గలవు. కొంత కార్తెను, కొంత లెక్కను పాటించు రకములును ఉన్నవి. చలియు వేడియు కూడ పూతను కొంత వెనుకకు ముందుకు జరుపును. అయినను రైతుకు విత్తునపుడు ఈ రెండు పేర్లు చాలును.

కార్తె విత్తన మను పేరు మేము వట్టిగా పెట్టలేదు. మన పెద్దలు పండుగలకు తిథిని, సేద్యమునకు కార్తెను ఏల పట్టిరో ఆలోచింపుడు. చాంద్రమాన సంవత్సరము సౌర సంవత్సరముకన్న సుమారు పదునొకండు దినములు తక్కువ. అధికమాసము వచ్చి సరిచేయువరకు నెలలు ముందునకు జరుగుచుండును. కావున జ్యేష్ఠ బహుళ పంచమినాటి పగలు ఏటేట ఒకే నిడివి గలది కాదు. కార్తె యట్లు కాదు. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రమున నిలుచు పదుమూడు పదునాలుగు దినముల కాలమే కార్తె. హస్త ప్రవేశించు దినమున పగలు మా తాతల నాడెంతయో మాకును అంతయే యని చెప్పవచ్చును. కార్తెను బట్టి విత్తుట యనగా పగటి నిడివిని బట్టి విత్తుటయే. గడియారము లేని కాలమున కార్తె విత్తనమునకు తగిన గడియారమును వారు పట్టుకొనిరి. కారణము చెప్పలేక పోయినను కొలత తప్పలేదు.

ఇప్పుడు వాదమునకు వత్తము. మా శాఖవారిలో కొందరు కార్తె విత్తనము పాతకాలపు మొండి విత్తనమనియు, దానిని ఎంత శీఘ్రముగ విడిచిన అంత మేలనియు చెప్పుదురు. గ్రామ పెద్దలలో కొందరు లెక్క విత్తనము వచ్చిన తరువాతనే సేద్యము చెడినదందురు. ఈ యిరువురి మాటలును మాకు సమ్మతములు కావు.

లెక్క విత్తనము చేసిన మేలు చిన్నది కాదు. కర్నూలు కడప కాలువ క్రింద, తెలుగుగంగ క్రింద రెండు పంటలు తీయు రైతుకు పైరు ఎన్నటికి చేను ఖాళీ చేయునో ముందుగా తెలిసి తీరవలెను. పప్పుశనగ సంగతియే చూడుడు. శనగ గోధుమవలె నిడుపు పగటిని కోరు జాతి. ఉత్తరదేశపు దీర్ఘకాలిక రకములు మన రేగళ్లలో వేసిన, పూత ఆలస్యమై, కాయ ముదురునప్పటికి పదును ఆరి ఎండ ముదురును. పటాన్‌చెరువులో 1972లో ఏర్పడిన ఇక్రిశాటు సంస్థవారి ఐ.సి.సి.వి. 2 అను రకము త్వరగా పూయుటకు ఒకే యొక జన్యువు కారణమని 2000లో తేలినది. అట్టి స్వల్పకాలిక రకములును, 1999లో విడుదలయైన జె.జి. 11ను వచ్చిన తరువాతనే మన నల్లరేగడి చేలలో శనగ ఇంతగా వ్యాపించెను. 1906లో నెలకొల్పబడిన మన నంద్యాల పరిశోధన స్థానమును యంత్రముతో కోయుటకు వీలగు ఎన్.బి.ఇ.జి. 47 వంటి శనగను మనకిచ్చినది. వీనిని కాదనువాడు అన్నము పెట్టిన చేతిని కాదనినట్లే.

అయినను లెక్క విత్తనమునకు తగని నేలయు, తగని కాలమును కలవు. 1964లో మన దేశపు మొదటి సంకరజొన్న సి.ఎస్.హెచ్. 1 విడుదల యైనది. అది పొట్టిది, శీఘ్రముగ పండునది, దిగుబడి మిక్కుటము. కాని తొలకరికి విత్తినచోట్ల గింజ గట్టిపడు కాలమునకు వానలింకను వెనుదీయకుండెడివి. తడిసిన కంకిపై బూజు పట్టి గింజ నల్లబడెడిది. పాత ముంగారి జొన్నలు వాన వెనుదీయువరకు వేచి, పొడి గాలిలో గింజ గట్టిపరచుకొనెడివి. ఆ వేచియుండుట సోమరితనము కాదు; అది ఆ విత్తనమునకు తరతరముల నుండి అలవడిన జాగ్రత్త. ఆఫ్రికాలోని నైజీరియా దేశమున కర్టిసు అను శాస్త్రజ్ఞుడు 1968లో ఈ సంగతినే చూపెను: ఒక్కొక్క ప్రాంతపు జొన్న ఆ ప్రాంతమున వానలు ముగియు కాలమునకు సరిగా కంకి తీయును. మన పెద్దలకును, నైజీరియా రైతులకును పరస్పరము పరిచయము లేదు. ఇరువురకును ప్రొద్దే గురువు.

మరియొక మేలు గలదు. తొలకరి ఒకయేడు మృగశిరలో పడును, ఒకయేడు ఆశ్లేషవరకు పడదు. వాన తప్పును గాని ప్రొద్దు తప్పదు. విత్తు నెలన్నర ఆలస్యమైనచో లెక్క విత్తనము కోతయు నెలన్నర ఆలస్యమగును. కడపటి నెల పదును లేని నేలలో గడపవలసి వచ్చును. కార్తె విత్తనము తన పొడవును తగ్గించుకొని, చొప్పలో కొంత కోల్పోయి, కంకిని మాత్రము సకాలమునకే తీయును. ఆ విధముగా వానను నమ్ముకొన్న రేగడి చేనికి అది యొక విధమగు భీమా వంటిది. చందా కట్టనక్కరలేని భీమా. అది గాక, ఊరి జొన్నలన్నియు ఒకేసారి కంకి వేసినచో పిట్టలును, పురుగులును అందరి చేలకు పంచుకొని పోవును. ముందుగా నొకచేను, వెనుకగా నొకచేను కంకి వేసిన ఊరిలోని పిట్టలన్నియు ఆ యొక చేనిపైననే వ్రాలును. మంచె యెక్కి వడిసెల తిప్పినవారికి ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు.

కంది విషయమున ఈ రెండు గుణములను ఒకే విత్తనమున చూడవచ్చును. కంది కురుచ పగటి పైరు. ఒకే రకమును జూనులో విత్తిన ఆరు నెలలు నిలిచి కొమ్మలు వేసి గుబురుగ పెరుగును. సెప్టెంబరులో విత్తిన నాలుగు నెలలకే, పొట్టిదై, కొమ్మలు తగ్గి కాపునకు వచ్చును. ఈ సంగతి తెలియని రైతు తొలకరి కందికి విడిచినంత యెడమునే హింగారి కందికిని విడిచి, సగము నేలను వట్టిగా పోగొట్టుకొని, విత్తనము మంచిది కాదనును. విత్తనము మంచిదే. కాలము మారినప్పుడు సాలుల యెడమును తగ్గించి, విత్తనపు మోతాదును పెంచవలసియుండెను. ఎడమును నిర్ణయించునది సంచి మీది పేరు గాదు, విత్తు కార్తె.

"ఇది యంతయు రైతునకు అనుభవమున తెలియదా?" యని కొందరడుగుదురు. తెలియును, తన విత్తనమును గురించి తెలియును. ఆ పెద్ద రైతు తండ్రి తన పాతరలోని జొన్న గుణమెరుగును. కాని నేడు విత్తనము మన పాతరనుండి రాదు. పొరుగు జిల్లానుండియు, పొరుగు రాష్ట్రమునుండియు, ఒక్కొక్కప్పుడు మరియొక అక్షాంశమునుండియు సంచులలో వచ్చును. సంచితోగూడ విత్తనము వచ్చును గాని, దానిని పెంచినవారి అనుభవము రాదు. చీటి మీద "110 దినములు" అని యుండును. ఎక్కడ, ఏ కార్తెలో విత్తిన 110 దినములో ఉండదు. ఈ లోపము అమ్మువారిది. దానిని అడుగకుండుట మనది.

అందుచేత మన సంఘమువారు మూడు పనులు చేయవలెనని మా యభిప్రాయము.

మొదటిది: సంఘపు గిడ్డంగినుండి పోవు జొన్న, కంది, కొర్ర మొదలగు ప్రతి విత్తనపు సంచికిని మనమే యొక చీటి కట్టవలెను. దానిపై దినముల సంఖ్యతోబాటు, ఏ కార్తె మొదలు ఏ కార్తె వరకు విత్తదగునో, అది కార్తె విత్తనమో లెక్క విత్తనమో వ్రాయవలెను. తెలియనిచో "తెలియదు" అని వ్రాయవలెను. తెలియదని వ్రాసిన చీటివలన ఎవ్వరును చెడరు. తెలిసినట్లు చెప్పిన మా మాటవలన ఒకరు చెడిరి.

రెండవది: తెలియని దానిని తెలిసికొనుట. ఇందులకు ప్రయోగశాల యక్కరలేదు. ఒక సెంటు నేలయు, ఒక పుస్తకమును చాలును. ఒకే విత్తనమును మృగశిర, పునర్వసు, ఆశ్లేష, పుబ్బ కార్తెలలో రెండేసి సాలులు విత్తుడు. ప్రతి సాలున సగము మొక్కలు కంకి తీసిన దినమును వ్రాసికొనుడు. మొదటి విత్తునకును కడపటి విత్తునకును నడుమ ఎనుబది దినముల యెడమున్నది గదా. కంకి తీసిన దినముల నడుమను అంత యెడమే యున్నచో అది లెక్క విత్తనము. విత్తులో ఎనుబది దినముల యెడముండియు కంకులు పదునైదు ఇరువది దినములలోపలనే వచ్చినచో అది కార్తె విత్తనము. నడుమ నున్న, నడిమి గుణము గలది. సాలులు వీధి దీపములకు దూరముగ నుండవలెను. నీటికి కొరత రాకుండ చూచుకొనవలెను. లేనిచో లెక్క తప్పును. గ్రామమునకొక్క సభ్యుడు ఒక్క సంవత్సరము ఈ పని చేసి, పుస్తకమును సంఘమునకు పంపినచో, వచ్చిన ఫలితములను ఈ పత్రికయందే ప్రకటింపవచ్చును.

మూడవది: మన ప్రాంతపు పాత జొన్నలను, కొర్రలను, కందులను గింజ మిగులకుండ పోనీయరాదు. ఇట్టి విత్తనములు ఎప్పుడెవరికి అక్కరకు వచ్చునో ముందుగా చెప్పజాలము. నంద్యాల ఎన్. 13 అను జొన్న మల్లె కలుపును తట్టుకొనుటలో ప్రసిద్ధి కెక్కి, ఆఫ్రికా దేశములను పీడించు మల్లెపై పరిశోధన చేయువారికిని ఆధారమైనది. మన చేలలోని గుణము సముద్రముల కావల అక్కరకు వచ్చెను. అమెరికావారు 1963 మొదలు ఉష్ణదేశపు జొన్నలను వేలకొలది కూర్చి, తమ నిడుపు పగళ్లలో కంకి వేయునట్లు మార్చుకొనుటకు ప్యూర్టోరికో ద్వీపమునను, టెక్సాసునను ఏండ్ల తరబడి శ్రమించిరి. పరదేశీయులు శ్రమించి సేకరించుకొన్న దానిని మనము అజాగ్రత్తచే పోగొట్టుకొనుట తగదు. ప్రతి గ్రామమునను ఒకరిద్దరు రైతులు కుంటెడు నేల చొప్పున కేటాయించి, ఇతర జొన్నలకు ఎడముగ పెంచి, చేని నడుమనుండి మంచి కంకులు ఏరి, సంఘమునకు నాలుగు మానికలు ఇచ్చినను చాలును. దానికి తగిన వెలను సంఘము చెల్లింపవలెను, ధర్మముగ అడుగరాదు.

వీనికగు వ్యయమును గురించి కార్యవర్గమువారు సంశయింపవచ్చును. చీటి అచ్చునకును, పుస్తకములకును అగు వ్యయము, తప్పు కార్తెలో విత్తి చెడిన నాలుగెకరముల నష్టమునకు సాటి రాదు. ఒక రైతు ఒంటరిగా నాలుగు కార్తెల పరీక్ష చేయుట కష్టము. పదిమంది చేరిన సులభము. సహకారమనగా అప్పు తీసికొనుట, కట్టుట మాత్రమే కాదు. ఒకరు తెలిసికొన్న దానిని పదుగురు వాడుకొనుటయు సహకారమే.

మేము బాల్యమున చదువుకొన్న మిషను పాఠశాలలో సాయంకాలపు గంట ఏడాది పొడవునను ఒకే వేళకు మ్రోగెడిది. వేసవిలో గంట మ్రోగునప్పటికి మైదానమున ఇంకను ఎండ యుండెడిది. పుష్యమాసమున దీపములు వెలిగించెడివారు. గంట మారలేదు గాని ప్రొద్దు మారెను. మేము గంటను విని లేచెడివారము. పశువుల కాపరులు ప్రొద్దును చూచి ఇల్లు చేరెడివారు. ఇరువురిలో ఎవ్వరిని తప్పనరాదు. విత్తనములలోను ఈ రెండు విధములవారు గలరు. ఎవరెవరో తెలిసికొని పని చెప్పుటయే యజమాని నేర్పు.

ఆళ్లగడ్డ దాపుననున్న ఆ పెద్ద రైతు ఇప్పుడును హస్తలోనే ఆ జొన్న విత్తుచున్నాడు. తొలకరికి వేరొక లెక్క జొన్నను పెట్టుకొని, అది కోసిన చేనిలో శనగ వేయుచున్నాడు. క్రిందటి మారు మేము పోయినపుడు ఆయన మనుమడు విత్తనపు సంచిని చూపి, "ఇది ఏ కార్తికి, సారూ?" యని యడిగెను. ఎన్ని దినములని యడుగలేదు. సభ్యులందరును రాబోవు తొలకరికి గిడ్డంగి వాకిట ఆ బాలుని ప్రశ్ననే అడుగుదురు గాకయని మా కోరిక. సమాధానము చెప్పగలుగునట్లు సిద్ధపడుట సంఘముయొక్కయు, మాయొక్కయు విధి.